ఊఁ కొట్టే ఉద్యోగం

చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ ఆమె "ఊఁ" అంది. ఎవరికన్నదో ఆమెకే తెలీదు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని అత్తగారు తన మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతున్నారు. హాల్లోంచి భర్త, తనని కాదని ఎవడికో ప్రమోషన్ ఇచ్చిన మేనేజర్ని తిట్టిపోస్తున్నాడు. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్న ఫోన్లో ఆడపడుచు "వీడు నా మాట చచ్చినా వినడు వదినా" అని కొడుకు మీద వాపోతోంది. ఒక్క ఊఁ ముగ్గురికీ సరిపోయింది. అంత పొదుపుగా సంసారం చేసే ఇల్లాలు ఇంకెక్కడైనా ఉంటే చూపించండి!

ఆమె పెద్దాసుపత్రిలో కౌన్సెలరు. మనసు బాగోలేక వచ్చినవాళ్ళ మాట వినడం ఆమె పని. వినడమంటే చెవులప్పగించి కూర్చోవడమనుకునేరు. చదువుకునే రోజుల్లో టీచరమ్మ ఊఁలోనే ఎన్ని రకాలుంటాయో నేర్పింది. "ఇక్కడే ఉన్నాను, చెప్పండి" అనే ఊఁ వేరు, "అక్కడ మనసు గుచ్చుకుంది కదూ" అనే ఊఁ వేరు, "తొందరేం లేదు, ఏడవండి" అనే ఊఁ వేరు. ఒకప్పుడు ఆ తేడాలన్నీ ఆమె గొంతులో పలికేవి. ఈమధ్య అన్నీ కలిసిపోయి ఒకే ఊఁ అయి కూర్చుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినా చెప్పుకోవడానికి మనిషేడీ?

భర్తతో చెప్పబోతే ఆయనకది వేళాకోళం. స్నేహితులొచ్చినప్పుడల్లా ఒకటే జోకు. "మా ఆవిడది భలే ఉద్యోగంరా బాబూ! ఫ్యాను కింద కూర్చుని ఊఁ కొట్టడమే. పైగా దానికి జీతం కూడానూ!" వాళ్ళు పడీపడీ నవ్వుతారు. టీ కప్పులు పట్టుకొచ్చి ఆమె కూడా నవ్వుతుంది. నవ్వక చస్తుందా? నవ్వకపోతే "జోకు కూడా అర్థం కాదు" అంటారు. అలసిపోయానంటే అత్తగారు "కూర్చుని వింటే అలసటేంటమ్మా, విడ్డూరం కాకపోతే! ఊరందరి గోడూ వింటావు, మా మాటకొచ్చేసరికి మొహం అలా పెడతావు" అంటారు. విప్పకుండా తెచ్చిన టిఫిను డబ్బా చూసి "అన్నం పారేయడానికి వండుకుంటున్నామా?" అని కూడా అంటారు. ఎందుకు తినలేకపోయావని మాత్రం ఎవరూ అడగరు.

తినడానికి వీలేదీ? ఆసుపత్రిలో కౌన్సెలర్లు ఇద్దరు. రెండో ఆయన మగాయన. పాఠాలు చెప్పడం, మీటింగులకి వెళ్ళడం, పేపర్లో ఫోటో పడడం ఆయన వంతు. ఏడ్చేవాళ్ళంతా ఈమె వంతు. "మేడం దగ్గరికి పంపండి, ఆడవాళ్ళకి ఓపికెక్కువ" అంటాడు పెద్ద డాక్టరు. ఆ ఓపిక ఏ కొట్లో అమ్ముతారో, అయిపోతే ఎవరు తెచ్చి పెడతారో ఆ మహానుభావుడు ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. ఒకరు కళ్ళు తుడుచుకుంటూ లేస్తుంటే ఇంకొకరు తలుపు తోస్తారు. మధ్యలో మంచినీళ్ళు తాగాలన్నా దొంగతనం చేసినట్టుంటుంది.

ఆ వేళ మధ్యాహ్నం బట్టలు కుట్టే అమ్మాయి వచ్చింది. కొన్నాళ్ళుగా వస్తున్న పిల్లే. మాత్రలు మధ్యలో మానేస్తుంటే, జాగ్రత్తగా ఉంచుకుని వేళకి వేసుకోమని ఈమే చెప్పింది.

"మాత్రలు జాగ్రత్త చేస్తున్నాను మేడం" అంది ఆ అమ్మాయి.

"ఊఁ. మంచిది."

"వేసుకోవట్లేదు. అన్నీ ఒకచోట దాస్తున్నాను."

"ఊఁ. మంచిది."

ఆ అమ్మాయి తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

"ఎందుకు దాస్తున్నానో అడగరా మేడం?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆమెని వణికించింది. పొద్దుట చిక్కుళ్ళ దగ్గర అన్న ఊఁ, ఇప్పుడు ఈ పిల్లకి అన్న ఊఁ ఒకటే. దేవుడా, ఎంత పని చేశాను! ఈ పిల్ల అడక్కుండా లేచి వెళ్ళిపోయి ఉంటే?

కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నేను సరిగ్గా వినలేదు. తప్పు నాదే. ఇప్పుడు వింటున్నాను. చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగింది. ఆ అమ్మాయి బావురుమంది. ఆ పిల్ల అక్కకి ఫోన్ చేసి, ఇంట్లో దాచినవన్నీ తెప్పించి, డ్యూటీ డాక్టరు చూసి మంచం ఇచ్చేదాకా ఆమె ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. అప్పుడు వెళ్ళి బాత్రూంలో గోడకి చేరగిలబడింది.

అక్కణ్ణించి నేరుగా పెద్ద డాక్టరు గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన తలూపాడు. "అందుకేగా అమ్మా, ఆదివారం సెల్ఫ్ కేర్ ప్రోగ్రాం పెట్టింది! అలసిపోకుండా మనల్ని మనం ఎలా చూసుకోవాలో మీరే మాట్లాడాలి. ఆడవాళ్ళు చెబితే మనసుకి హత్తుకుంటుంది. ఆ టీలూ బిస్కెట్లూ కూడా కాస్త మీరే చూసుకుంటే..."

సెలవు రోజున, అలసిపోయిన మనిషే వచ్చి, అలసిపోవద్దని అందరికీ చెప్పి, టీలు పంచాలట! ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నేను రాను" అంది. "మనిషికీ మనిషికీ మధ్య కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి కావాలి. ఏడ్చేవాళ్ళని ఆ రెండో కౌన్సెలరుగారికీ పంచండి. నా బరువు దించుకోవడానికి నాకూ ఒక పెద్ద కౌన్సెలరు కావాలి."

"అందరూ ఇలా పేచీ పెడితే ఆసుపత్రి నడిచేదెలా?"

"చచ్చిపోతానన్న పిల్లకి మంచిదన్నాను సార్. ఇలాగే నడిస్తే రేపు ఇంకొకరికి కూడా అంటాను. సోమవారం నుంచి నా గదికి ఎంతమందిని పంపాలో నేనే చెబుతాను."

ఆయన "చూద్దాం" అన్నాడు. చూసుకోమంది.

ఇంటికొచ్చేసరికి అందరూ కాచుకుని ఉన్నారు. భర్త చెప్పులన్నా విప్పుకోనివ్వకుండా "ఆ మేనేజరు వెధవ ఇవాళ ఏమన్నాడో తెలుసా..." అని ఎత్తుకున్నాడు. అత్తగారు మోకాలు నిమురుకుంటూ అందుకున్నారు. బల్లమీద ఫోను మోగింది.

ఆమె ఊఁ కొట్టలేదు, చెప్పులు విప్పి పక్కన పెట్టింది. భర్తకి ఏదో వెలితిగా తోచింది కాబోలు, మాట ఆపి చూశాడు.

"వింటున్నావా?"

"లేదు."

"లేదంటే?"

"వినడం లేదు. ఉన్న కాస్త ఓపికా రేపు ఆసుపత్రిలో ఒక పిల్లకి కావాలి."

"మరి ఇంట్లోవాళ్ళ సంగతేంటి? మేమెవరితో చెప్పుకోవాలి?"

ఆమె ఫోనెత్తి ఆయన చేతిలో పెట్టింది. అత్తగారి కుర్చీని ఆయన పక్కకి జరిపింది.

"మీ చెల్లెలు. ఈవిడ మీ అమ్మ. ఊఁ కొట్టడమేగా, కొట్టండి. జీతం మాత్రం అడక్కండి."

లోపలికెళ్ళి తలుపేసుకుంది.