బిందెలో సినిమా

పెద్ద హీరోల సినిమాల సంగతి మా ఊరికి నేను చెప్పనక్కర్లేదు. బాగున్నా బాగాలేకున్నా ట్రాక్టరెక్కి పత్తికొండకు పోయి చూసొస్తారు. హాలు దాకా రాని చిన్న సినిమాల గురించే నన్నడుగుతారు. "రంగస్వామీ, సూడొచ్చునా, చార్జింగు దండగనా?" అని. డిగ్రీ చదివి ఎరువుల అంగడి పెట్టుకున్నవాణ్ణి. గిరాకీ లేనప్పుడల్లా ఫోనులో అలాంటివే చూస్తుంటాను కాబట్టి ఆ పెత్తనం నాకొచ్చింది. ఊరి వాట్సాప్ గ్రూపులో "చూడండి" అనో "జోలికి పోకండి" అనో ఒక మాట పెడతాను. జనం నమ్ముతారు.

నా మాట చెల్లని చోటు ఒక్కటే, మా కొట్టంలో విత్తనానికి శనక్కాయలు వలిచే ఆడవాళ్ళ దగ్గర. వాళ్ళు సినిమా చూడరు, వింటారు. కళ్ళూ చేతులూ కాయల మీదుంటాయి. ఫోనును ఖాళీ బిందెలో పెడితే మాట కొట్టమంతా మోగుతుంది. నేను చాలా మెచ్చుకున్న సినిమా ఒకటి అట్లా పెడితే, అందులో పావుగంట సేపు గాలి తప్ప ఎవరూ మాట్లాడరు. సుంకమ్మ చేట దులుపుతూ "ఫోను చెడిపోయినట్టుండాది, సూడప్పా" అంది. ఆ సినిమాకు దక్కిన మర్యాద అంతే.

అలాంటి కొట్టంలోకి ఆ రోజు, అక్కడే కాయలు వలిచే లక్ష్మక్క కూతురు శివాని నటించిన సినిమా వచ్చింది.

పోయినేడు శివాని ఆదోనిలో చదువుతుండగా, సీమ పిల్లే కావాలని వెతుక్కుంటూ వచ్చిన సినిమావాళ్ళకు దొరికింది. తప్పిపోయిన ఎద్దు కోసం ఊళ్ళు తిరిగే పిల్ల వేషం. ఆ సినిమా హాళ్ళకు రాలేదు, నేరుగా ఫోన్లలోకే వచ్చింది. ఇప్పుడు ఆ డైరెక్టరే ఇంకో సినిమాకు రమ్మన్నాడు. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. శివాని భారమంతా తల్లి మీద వేసింది. "నువ్వు నా సినిమా సూసి, పో అంటే పోతా. వద్దంటే టీచరు చదువుకు చేరతా."

లక్ష్మక్క చూడడమంటే ఇదే. ఎదురుగా బిందె, ఒడిలో చేట.

అరగంట గడిచింది. కాయలు టపటప చిట్లుతున్నాయి. లక్ష్మక్క తలెత్తకుండానే అడిగింది. "నువ్వెప్పుడొస్తావే?"

"వచ్చినా కదమ్మా. మొదటి నుంచీ నేనే."

"యాడ? ఎవరో పిల్ల ఎద్దు పోయిందని ఏడుస్తాండాది. నువ్వు యాడ?"

"ఆ పిల్లే నేను."

లక్ష్మక్క చేట పక్కన పెట్టి బిందెలోకి తొంగి చూసింది. లోపల శివాని ముఖమే ఉంది. కళ్ళు మూసుకొని విన్నది. మళ్ళీ తెరిచి చూసింది. బావిలో చేద జారిపోయినప్పుడు చూసే చూపు అది.

"ముఖం మన పిల్లది. గొంతు ఏ ఊరిదో. ఇదేం మాయే?"

శివాని తల వంచుకుంది. తీసేటప్పుడు తన మాటే మాట్లాడిందట. సీమ మాట అన్ని జిల్లాలకూ అర్థం కాదని, తర్వాత హైదరాబాదులో వేరే అమ్మాయితో చెప్పించి అతికించారట. సినిమా వచ్చేదాకా తనకూ తెలియదు. వచ్చాక తల్లికి చెప్పడానికి నోరు రాలేదు.

"సీమ పిల్ల కావాలని వెతికినోల్లు, నోరు మటుకు ఈడనే పారేసి పోయినారా?" అంది సుంకమ్మ. "ఎద్దు అరుపన్నా మన ఎద్దుదేనా?"

కొట్టమంతా నవ్వింది. లక్ష్మక్క నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"రంగస్వామీ, నువ్వు సూసినావు గదా. ఇది మంచి సినిమానా, చెడ్డదా? ఒక్క మాట చెప్పు."

ఆ ఒక్క మాటే నాకు దొరకడం లేదు. అది వచ్చినప్పటి నుంచి గ్రూపులో కూడా ఏమీ పెట్టలేకపోయాను. సంతలో తన ఎద్దును గుర్తుపట్టి కూడా ఆ పిల్ల ఊరకే నిలబడిపోయే చోట నా కళ్ళు తడిశాయి. అంతలో ఆమె నోరు తెరుస్తుంది. ఇక ఎవరో మన కంచంలో చెయ్యి పెట్టినట్టే ఉంటుంది. చూడమనాలా, వద్దనాలా?

"బాగుండాది అక్కా... అంటే, బాగాలేదు. సూడొచ్చు. వింటే మటుకు..."

"యూరియా గూడా ఇట్లనే చెప్పి అమ్ముతావా అప్పా?" అంది సుంకమ్మ.

శివాని లేచి ఫోను బయటికి తీసింది. సౌండు పూర్తిగా తగ్గించి, సినిమా మొదటికి తిప్పింది. బిందె మూతి దగ్గర కూర్చొని, తెర మీది తన పెదవులను చూస్తూ మాట్లాడసాగింది.

"ఓ పెద్దప్పా, మా ఎద్దు ఇట్ల వచ్చినాదా? ఎడమ కొమ్ము వంకర. పిలిస్తే నిలబడతాది."

నేను పక్కనుంచి చూస్తున్నాను. పెదవి పెదవికీ మాట సరిపోతోంది. కొట్టంలో చేతులు నెమ్మదించాయి. సుంకమ్మ తనకు తెలియకుండానే "ఇట్ల రాలేదు మే, వంక దిక్కు పోయి సూడు" అని బదులిచ్చింది.

లక్ష్మక్క మళ్ళీ కళ్ళు మూసుకొని వింటోంది. "ఇప్పుడొచ్చినావు" అంది.

"అయితే పొమ్మంటావా, వద్దంటావా?"

"అదే తెలీకుండా ఉండాది. నీ మాట ఇంటే పో అనిపిస్తాది. వాల్ల సినిమా ఇంటే వద్దనిపిస్తాది. రెండూ ఒకటే సినిమా అంటాండావు."

ఇంతలో ఫోను మోగింది. డైరెక్టరే. అందరూ వినాలని శివాని స్పీకరు ఆన్ చేసి దాన్ని మళ్ళీ బిందెలోనే పెట్టింది.

"నమస్కారం సార్. శివానినే మాట్లాడుతున్నానండి. చెప్పండి."

ప్రతి మాటా ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టుంది. లక్ష్మక్క ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "ఎవురే అది?"

"సినిమా చూశారా అమ్మగారు? ఏమన్నారు?" అని బిందె అడిగింది.

శివాని తల్లి వైపు చూసి "ఏం చెప్పాల మా?" అని గొణిగింది.

"ఆ గొంతు పిల్ల నాకు తెలీదు. ఆయమ్మిని పొమ్మనేకి, వద్దనేకి నేనెవరు? నాతో మాట్లాడే పిల్ల అడిగితే చెప్తా."

శివాని బిందె మూతి మీదికి వంగింది. గొంతు సవరించుకుంది.

"సార్, సినిమాలో నేను యాడుండానో మాయమ్మ కనుక్కోలేకపోయింది. నాకు వచ్చేకి ఇష్టమే. గానీ ఈ తూరి మాట నాదే ఉండాల." తల్లి వైపు చూసి మళ్ళీ అంది. "మాయమ్మ సినిమా సూడదు సార్. వింటాది."

లక్ష్మక్క చేట ఒడిలోకి లాక్కుంది గానీ కాయ చిట్లించలేదు. ఎవరూ చిట్లించలేదు. బిందెలోంచి ఏ మాటా రాలేదు. ఆయన ఆలోచిస్తున్నాడో, పెట్టేశాడో తెలియక అందరం అటే చూస్తూ కూర్చున్నాం.

"ఫోను చెడిపోయినట్టుండాది, సూడప్పా" అంది సుంకమ్మ.