డెబ్బై ఏండ్ల మోకాళ్ళ మాట

మా అవ్వ శరణమ్మకు డెబ్బై ఏండ్లు. వచ్చే నెల మోకాళ్ళ ఆపరేషను. ఆ లోపల సొంత మోకాళ్ళతో ఒక్కసారి మారెమ్మ కొండ ఎక్కాలని ఆమె పట్టు. మెట్లు ఎట్లాంటివో తెలియకుండా పంపేది లేదని మా నాయన పట్టు. మధ్యలో నలిగేది నేను.

ఫోను తీసి, కొండ గురించి జనం రాసినవి చూపించాను. "నాలుగున్నర స్టార్లు అవ్వా. మెట్లు సులువు, పెద్దోళ్ళు కూడా హాయిగా ఎక్కచ్చని రాసుండాది."

"రాసినోళ్ళ మోకాళ్ళకు ఏండ్లెన్నంట?" అంది అవ్వ.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకో కాసేపాగి చెప్తాను.

సాయంత్రం నన్ను కంప్లి బస్టాండుకు లాక్కుపోయింది. కొండ నుంచి బస్సు ఐదింటికి వస్తుంది. పోయేవాళ్ళను కాదట, వచ్చేవాళ్ళను అడగాలట. బస్సు ఆగింది. అవ్వ ఎవరి మొహమూ చూడలేదు, దిగే కాళ్ళనే చూస్తూ నిలబడింది. గబగబా దిగినవాళ్ళందరినీ వదిలేసింది. ప్రసాదం సంచితో దిగినాయన ఏదో చెప్పబోతే చేత్తో ఆపేసింది. నాకు నవ్వొచ్చింది, ఏం వెతుకుతోందో తెలుసుకోవాలనీ అనిపించింది.

చివర్లో అవ్వ ఈడు ముసలామె ఒకామె కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో కాలే దించుతూ దిగింది. "ఈమె నా మాదిరే," అంటూ అవ్వ చెయ్యందించింది. ఆమె పేరు కరియమ్మ, కంప్లిలో కూతురింటికి వచ్చిన, బండ్రి అనే ఊరి మనిషి.

"మెట్లు ఎట్లుండాయమ్మా?"

"సగం దాకా బాగుండాయి. ఆడ మంటపముండాది, కూచుంటే గోపురం కనపడతాది. ఆపైన ఎత్తు మెట్లు, పట్టుకొనేకి కమ్మీ లేదు. దిగేటప్పుడు ఏడ్చినా. పెద్దోళ్ళు హాయిగా ఎక్కచ్చని ఫోనులో యెవరో రాసినారంట, మా మనవడు అది నమ్మినాడు. ఆ పుణ్యాత్ములు కనపడితే అడగాల."

నా చెవులు వేడెక్కాయి. పోయినేడు కాలేజీ వాళ్ళతో వెళ్ళి, ఆ మంటపంలోనే చల్లగా కూర్చుని అది రాసింది నేనే. పైకి ఎక్కనే లేదు. నలభై మంది మెచ్చుకున్నారని ఇన్నాళ్ళూ మురిసిపోయాను.

"నేనే రాసినా. మంటపం దాకే పోయినా, పైకి ఎక్కలేదు," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కరియమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మోకాలు రుద్దుకుంటూ, "ఎక్కకుండానే యెట్ల తెలిసె పాపా?" అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

అక్కడే బెంచీ మీద కూర్చుని పాతది తీసేశాను. కరియమ్మ చెప్తుంటే కొత్తది రాశాను. అవ్వ తెర మీద వేలు పెట్టింది. "కింద ఇంకోటి రాయి. ఇది డెబ్బై ఏండ్ల మోకాళ్ళు చెప్పిన మాటని."

రాశాను. అవ్వ రెండుసార్లు చదివించుకుని వింది.

"నాకు మంటపం దాకా చాలు. రేపే పోదాం, మీ నాయనకు నేను చెప్తా," అంది. "నువ్వు మాత్రం పైకంటా ఎక్కి రా. ఎట్లుండాదో నాకు చెప్పు. ఈసారి నమ్ముతా."