కొవ్వు మీద కొలువు

రక్తంలో కొవ్వు పెరిగిందని డాక్టరు చెబితే ఎవరికైనా దిగులు పుడుతుంది. గోదావరిఖని గనిలో ఇన్నేళ్లుగా బొగ్గు తీస్తున్న ఎల్లేశానికి మాత్రం పండగే అయింది. కార్మికుడు మెడికల్ అన్‌ఫిట్ అయితే కంపెనీ అతని కొడుక్కి ఉద్యోగం ఇస్తుంది. ఎల్లేశం కొడుకు రుత్విక్ డిగ్రీ ముగించి, ఇంట్లో కూర్చుని సెల్‌ఫోను అరగదీస్తున్నాడు. వాడికో దారి చూపాలన్న బెంగతో తండ్రికి కంటి మీద కునుకు లేదు.

"కొవ్వు ఎక్కువుంటె అన్‌ఫిట్ పక్కా అన్నా," అని తోటి కార్మికుడు నర్సింగం చెవిలో వేశాడు. నర్సింగానికి తెలియని విషయం ఉండదు. సరిగ్గా తెలిసింది మాత్రం ఒక్కటీ ఉండదు.

నూనె తగ్గించు, రోజూ నడువు, తాగుడు మానెయ్ అని డాక్టరు చెప్పినవన్నీ ఎల్లేశం తిరగేసి పాటించాడు. పొద్దున పూరీలు, డ్యూటీ దిగగానే మిర్చి బజ్జీలు, ఆదివారం అడిగి మరీ కొవ్వు వేయించుకున్న మటను. వీధి చివర పాల ప్యాకెట్‌కి కూడా బండి మీదే వెళ్లాడు. తాగడం పాత అలవాటే అయినా, ఇప్పుడు కొడుకు కోసం తాగుతున్నాడు కాబట్టి తప్పేం లేదనుకున్నాడు. ముద్ద ముద్దకీ మెచ్చుకుంటుంటే భార్య జమున మురిసిపోయి కూరలో ఇంకో గరిటె నూనె పోసింది.

కొన్ని నెలలకు మళ్లీ రక్తపరీక్ష. జమున కూడా దవాఖానకు వెంట వచ్చింది. రిపోర్టు చూసి డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏం తింటున్నవయ్యా ఎల్లేశం?"

"పెరిగిందా సార్?" ఎల్లేశం ఆశగా అడిగాడు.

"రెండింతలైంది!"

"మరి అన్‌ఫిట్ ఎప్పుడు రాస్తరు సార్? మా పోరగానికి నౌకరి..."

సంగతి అర్థమై డాక్టరుకు ఒళ్లు మండింది.

"కొవ్వుకు అన్‌ఫిట్ ఎవరు రాస్తరయ్యా? గోలీలు ఏసుకుంట డ్యూటీ చేసుకోవచ్చు. లేదు, గిట్లనే తింట అంటవా, తిను. ఒకరోజు గుండె ఆగుతది, నీ కొడుక్కు నౌకరి వస్తది. చూసేటందుకు నువ్వుండవు."

రుత్విక్ నెత్తిన హెల్మెట్ పెట్టుకుని మొదటి షిఫ్టుకు బయల్దేరుతుంటే తాను గడపలో కూర్చుని చూస్తున్నట్టు ఎల్లేశం రోజూ ఊహించుకునేవాడు. ఇప్పుడా గడప ఖాళీగా కనిపించింది. నిజంగా భయమేసింది.

బయటికి వచ్చాక జమున ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఆమెకు ఏడుపు కంటే కోపమే ముందొచ్చింది.

"వానికి నౌకరి లేకున్న ఇంత బువ్వ పెడ్త. నువ్వు లేకుంటె నేను ఎవల మొకం చూసి బతకాలె?"

ఎల్లేశం తల వంచుకుని బండి దగ్గరికి పోయాడు. "తప్పైంది. నడువు, ఇంటికి పోదాం."

జమున అతని చేతిలోని తాళంచెవి గుంజుకుంది. "నేను నడుస్త. నువ్వు గూడ నడువు."

"మరి బండి?"

"నీ కొడుకొచ్చి తీస్కపోతడు. ఇప్పటికి వానికి గదే నౌకరి."