అసుంతమ్మ సొంత గొంతు

మా మనవరాలు ధాత్రి కెనడాలో సార్నియా అనే ఊళ్లో అద్దెకుండే ఇంటి ఓనరమ్మ ఒకప్పుడు ఇటలీలో సినిమా హీరోయిన్ అంటే నేను మొదట నమ్మలేదు. గుమ్మం ముందు మంచు ఊడ్చుకుంటున్న ఎనభై ఏళ్ల మనిషిని చూస్తే ఎవరు మాత్రం నమ్ముతారు?

నేను మిస్సిసాగాలో మా అమ్మాయి ఇంటికి వచ్చి, అక్కడినుంచి సార్నియా వెళ్లాను. కొడుకు కూతురు కదా, నూడుల్స్ తిని పిల్ల ఎండిపోతోందని ప్రాణం ఒప్పలేదు. ఆ రోజుల్లో ఆ ఊరి కాలేజీకి మన పిల్లలు తండోపతండాలుగా వచ్చి పడ్డారు. బస్సులు సరిగ్గా ఉండవు, కారు కొనే తాహతు లేదు. చలిలో క్లాసుకి నడక, అట్నుంచి అటే కాఫీ షాపులో షిఫ్టుకి నడక. ధాత్రి బేస్‌మెంట్‌లో పడుకోవడానికి వచ్చేదంతే. పగలంతా నాకు పైన ఉన్న ఓనరమ్మే దిక్కు, ఆవిడకి నేను.

ఆవిడకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. అయినా ఏ పనీ ఆగలేదు. ఆవిడ టమాటాలు ఉడకబెడుతుంటే నేను వెల్లుల్లి ఒలిచేదాన్ని. నేను పోపు వేస్తే ఆవిడ దగ్గుతూ కిటికీ తెరిచేది. ధాత్రి వచ్చాకే మా ఇద్దరికీ మాటలు.

సినిమాల్లో ఆవిడ పేరు నెరీనా. అది ప్రొడ్యూసరు పెట్టిన పేరు. కన్నవాళ్లు పెట్టింది అసుంత. నేను "అసుంతమ్మా" అంటే చాలు, చేతిలో పని వదిలేసి తిరిగి చూసేది.

వాళ్లది కొండల్లో గొర్రెలు కాసుకునే కుటుంబం. పదిహేడో ఏట తిరనాళ్లలో అందాల పోటీ పెడితే గెలిచింది. ఎవరో రోము తీసుకెళ్లి కెమెరా ముందు నిలబెట్టారు. ఓ పదీ పన్నెండు సినిమాలు చేసింది. మొహం నచ్చింది కానీ, నోరు విప్పితే పల్లెటూరి యాస. అందుకని అన్ని సినిమాల్లోనూ ఆవిడకి వేరే ఆవిడెవరో గొంతు ఇచ్చింది. ధాత్రి ఈ సంగతి చెప్పి తెగ ఆశ్చర్యపోయింది గానీ నాకేం వింతగా లేదు. మన సినిమాల్లో మాత్రం? మొహం బొంబాయి పిల్లది, గొంతు మద్రాసు పిల్లది.

కొత్త మొహాలు రాగానే అసుంతమ్మకి వేషాలు ఆగిపోయాయి. ఎంజో అనే వెల్డరుని పెళ్లాడింది. అతనికి సార్నియా కెమికల్ ఫ్యాక్టరీలో పని దొరికితే వెంట వచ్చేసింది. పిల్లల్లేరు. అతనూ పోయాడు.

నేను వెళ్లిన చలికాలంలోనే ఆవిడ గొంతులో క్యాన్సర్ బయటపడింది. అప్పటికే మాట బొంగురుపోయింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. తీస్తే ఇక మాట ఉండదు.

ఆ కబురు విన్న నాడు ఆవిడ ఏడవలేదు. ధాత్రిని కూర్చోబెట్టి ఒక్కటే అడిగింది. "నీ ఫోనులో ఏవేవో చేస్తావుగా. నా సినిమాలో ఆవిడ గొంతు తీసేసి నా గొంతు పెట్టగలవా? ఒక్క సీనుకి చాలు. నా మొహంలోంచి నా మాట రావడం ఒక్కసారి వినాలి."

ఆ సీను నాకూ చూపించారు. సముద్రం మీదికి వెళ్లిన మొగుడు తిరిగి రాలేదు. ఒడ్డున ఖాళీ పడవ పట్టుకుని ఆ పిల్ల ఏడుస్తుంది. డైలాగు అసుంతమ్మకి ఇప్పటికీ కంఠతా వచ్చు. సముద్రంతో అనే మాట, ధాత్రి తెలుగులో చెప్పింది: "ఆయన్ని ఉంచేసుకున్నావు. ఆ చెప్పులన్నా ఒడ్డుకి తోసెయ్, తల్లీ."

ఆపరేషను ముందు ఆదివారం ధాత్రి తన షిఫ్టు ఎవరికో ఇచ్చేసి ఇంట్లో ఉంది. మా ఊళ్లో నాటకాల వాళ్లు పద్యం ఎత్తుకునే ముందు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకునేవారు. నా పెట్టెలో ఎప్పుడూ ఉంటుంది. ఓ ముక్క అసుంతమ్మ నోట్లో పెట్టాను. ఆవిడ మొహం వంకర్లు పోయింది.

"నానమ్మా, ఇదేంటి, ఆంటీని చంపేస్తావా?" అంది ధాత్రి.

"నోర్మూసుకో. గొంతు విచ్చుకుంటుంది. ఆవిడకి చెప్పు, ఉమ్మేస్తే ఊరుకోనని."

ధాత్రి చెప్పింది. ఆవిడ నాకు దణ్ణం పెట్టి చప్పరించింది.

తరవాత చెప్పింది డైలాగు. బొంగురు గొంతే, కానీ ఒక్క మాట తడబడలేదు. ధాత్రి దాన్ని బొమ్మకి అతికించింది. కుదరలేదు. మాట అయిపోయినా పెదాలు ఆడుతూనే ఉన్నాయి. ఇంకోసారి చెప్పించింది, నిదానంగా. కుదరలేదు. ముందుకి జరిపింది, వెనక్కి జరిపింది. ధాత్రి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సారీ ఆంటీ, నాకే సరిగ్గా చేతకావట్లేదు."

"సినిమాలో నేను ఈ డైలాగే అన్నాను. అద్దం ముందు నిలబడి ఎంత నేర్చుకున్నానో నాకు తెలుసు," అంది అసుంతమ్మ. "సౌండు తీసేసి మెల్లిగా తిప్పు."

ధాత్రి తిప్పింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఫోను మీదికి వంగింది. తెరమీద పిల్ల ఏడుస్తోంది, పెదాలు కదులుతున్నాయి. చూస్తూ చూస్తూ అసుంతమ్మ పెదాలు కూడా కదిలాయి. "ఊనో... దూయే... త్రే..."

ధాత్రి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమిటే?" అన్నాను.

"అంకెలు, నానమ్మా. ఒకటీ రెండూ మూడూ అంటోంది."

అసుంతమ్మకి అప్పటికి గుర్తొచ్చింది. ధాత్రికి చెప్పింది. డైలాగు నేర్చుకుని వెళితే డైరెక్టరు వినను కూడా వినలేదట. ఎలాగూ వేరే ఆవిడ మాట్లాడుతుంది, నువ్వు అంకెలు లెక్కపెడుతూ ఏడువు, చాలు అన్నాడట. అక్కడ చాలామందికి అదే అలవాటట. ఇంటికొచ్చి ఆ డైలాగు తనలో తాను ఎన్నిసార్లు అనుకుందో, కెమెరా ముందు అన్నది కూడా అదేననుకుంటూ బతికింది పాపం, ఇన్నేళ్లూ.

"డైలాగే పెడతాను ఆంటీ. పెదాలు కలవకపోతే ఏం? ఎవరు చూస్తారు?" అంది ధాత్రి.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఆ పిల్ల నోట వచ్చింది అంకెలే. అవే పెట్టు."

అని, తెరమీద పిల్లతో పాటు లెక్కపెట్టింది. ఈసారి ఎక్కడా తప్పలేదు. పిల్ల ఎక్కడ ఊపిరి పీలిస్తే అక్కడ పీల్చింది. పడవ మీద పిల్ల తల బాదుకునే చోట ఆవిడ గొంతు జీరపోయి అంకె సగంలో విరిగింది. ఇరవై ఏళ్ల మొహంలోంచి ఎనభై ఏళ్ల గొంతు. ఒకటీ రెండూ అని నేర్చుకునే వయసులో నాకు బడి లేదు. అంకెలకి అంత ఏడుపు ఉంటుందని ఆనాడే తెలిసింది.

ఆపరేషను అయింది. మెడ కింద చిన్న రంధ్రంతో ఇంటికి వచ్చింది. నోరు తెరిస్తే ఆ రంధ్రంలోంచి గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు.

వాళ్ల ఇటాలియన్ క్లబ్బు ఆడవాళ్లు ఓ మధ్యాహ్నం బిస్కెట్లు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. నెరీనా సొంత గొంతు సినిమాలో పెట్టారటగా, చూపించమన్నారు. ధాత్రి నా వైపు చూసింది, నేను అసుంతమ్మ వైపు చూశాను. ఆవిడ కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది.

ఊనో అనగానే ఒకావిడ కిసుక్కున నవ్వింది. త్రే దగ్గర ఇంకొకావిడ. వాళ్ల భాషే కదా, నవ్వు రాదూ మరి? అసుంతమ్మ కుర్చీలో కూర్చుని, తెరమీద పిల్లతో పాటే పెదాలు కదుపుతోంది. గొంతు ఫోనులోంచి వస్తోంది. మెడ దగ్గర గాలి చప్పుడు. అది చూశాక ఆ ఆడవాళ్ల నవ్వు ఆగిపోయింది. బిస్కెట్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

అయిపోయాక మొదట నవ్వినావిడ నన్ను చూపించి ధాత్రిని ఏదో అడిగింది.

"నీకేమైనా అర్థమైందా అంటోంది, నానమ్మా."

"అర్థం కాకపోవడానికి ఏముందే? మొగుడు సముద్రంలో పోయాడు. ఆవిడ ఏడుస్తోంది."

ధాత్రి అదే ముక్క ఇంగ్లీషులో చెప్పింది. అసుంతమ్మ నా వైపు తిరిగి నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. గాలి వచ్చింది. నోరు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది.