అడుగుకో పావలా

కొత్తిమీర కట్టల మీద నీళ్లు చిలకరించి, బుల్లెమ్మ తడి చేతిని చీర చెంగుకు తుడుచుకుంది. భవానీపురంలో గంగాప్రసాద్ కిరాణా కొట్టు పక్కన ఆమె గోనెపట్టా పరిచి ఇరవై ఏళ్లయింది. బక్కపలచటి మనిషి. కుడి మోకాలు వాచి, వంగనని మొరాయిస్తుంటే దాన్ని పక్కకు చాపి కూర్చుంటుంది.

"కట్టకి నాలుగు పావలాలిస్తాను, తీసుకుంటావా?" ఓ ఇల్లాలు అనుమానంగా అడిగింది.

"తేమ్మా. ఎన్నుంటే అన్ని తే."

అది 2001. ఊళ్లో పావలా ముఖం చూసేవాడు లేడు. కండక్టరు వద్దంటాడు, టీ కొట్టువాడు వద్దంటాడు, ముష్టివాడు సైతం మూతి ముడుస్తాడు. ఇళ్లల్లో మూలపడ్డ పావలాలన్నీ బుల్లెమ్మ దగ్గరికే వచ్చేవి. కాదనడం చేతకాని అమాయకురాలని జనం జాలిపడేవారు. పడనీ అనుకునేది ఆమె.

మధ్యాహ్నం గంగాప్రసాద్ పేపరు మడిచాడు. "పావలా బిళ్ళలు వెయ్యటం ఆపేస్తారంట బుల్లెమ్మా. పీడా పోద్ది. సగం రోజు వీటి తగాదాలతోనే సరిపోతంది."

బుల్లెమ్మ చప్పున తలెత్తింది. "అయ్యో, నాకింకా రెండొందల బిళ్ళలు తక్కువున్నయ్యి బాబూ!"

"దేనికీ?"

చెప్పింది. ఆమె మొగుడు రత్తయ్య ఏట్లో వలేసి బతికినవాడు. ఆరేళ్ల కిందట పోతే, పాడె ముందు చల్లడానికి యాభై రూపాయి బిళ్ళలు తెచ్చారు. సగం దారిలోనే అయిపోయాయి. మిగతా దారంతా ఉత్త పేలాలే. ఆ సిగ్గు ఆమెను ఇప్పటికీ తొలుస్తోంది. తన వంతుకు అలా జరగకూడదని ఇంటి నుంచి ఏటి దాకా నడిచి, అడుగులు లెక్కపెట్టుకుంది. రెండు వేల వంద. అడుగుకో పావలా.

"రూపాయిలతో అంత దూరమంటే నా వల్లవుద్దా? ఈళ్లు ఆపేస్తే నన్నెట్టా సాగనంపుతారయ్యా?"

గంగాప్రసాద్ నవ్వబోయి ఆగిపోయాడు. గల్లాపెట్టె అడుగున ఉన్న పావలాలన్నీ దోసిలితో తీసి ఆమె పట్టా మీద పోశాడు. కొట్టుకొచ్చిన వాళ్లకూ చెప్పాడు. వదిలించుకునే దారి కోసం చూస్తున్నవాళ్లే అందరూ. సాయంత్రానికి మూడు వందలు దాటాయి. బుల్లెమ్మకు ప్రాణం ఎంత తేలికపడిందంటే, పక్కింటి రావమ్మ దగ్గర రెండు జెల్ల చేపలు బేరమాడకుండా కొనేసింది.

పులుసు కమ్మగా తిని పడుకుంది. తెల్లారి లేవలేదు.

గంగాప్రసాద్ కొట్టు కట్టేశాడు. ఆమె మంచం కింద దొరికిన పావలాల డాల్డా డబ్బా చంకన పెట్టుకుని పాడె ముందు నడిచాడు. అడుగుకో పావలా. ఎక్కడా చెయ్యి ఆగలేదు. ఏరుకునేవాళ్లు లేక బిళ్ళలు దారి పొడవునా పడిన చోటే మెరుస్తూ ఉండిపోయాయి. తీరా ఏటొడ్డుకు చేరి చూస్తే డబ్బాలో ఇంకా సగం దాకా ఉన్నాయి. అతనికి కాసేపు అంతుబట్టలేదు. బుల్లెమ్మ లెక్కపెట్టినవి తన కుంటి మోకాలి అడుగులు. పాడె మోసినవాళ్లూ, వాళ్ల ముందు అతనూ వేసినవి బారు అంగలు.

స్నానం చేసి తిరిగొచ్చి, మిగిలినవేం చెయ్యాలని రావమ్మను అడిగాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.

"నేను లేనా బాబూ! ఇక పావలాలు ఆపుకుంటే ఆపుకోమనండి. నాకివి సరిపోతయ్."

మూత బిగించిన ఆ డాల్డా డబ్బా రావమ్మ ఇంటి అటక మీద, పాత వల చుట్ట పక్కన ఉండిపోయింది.