పడని రాళ్లు

మేమందరం చూస్తుండగానే కంట్రాక్టరు దేవేంద్రప్ప, సుంకప్ప చేతిలోని చిన్నసుత్తిని లాక్కొని లోయలోకి విసిరేశాడు. నూట ఇరవై మందిమి ఉన్నాం. ఒక్కరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు సంగతి ఇది. కోడుమూరు వైపు పంటలు ఎండిపోయి, కాలువ కోసం కొండ తొలిచే పనికి వచ్చినవాళ్లం మేము. సుంకప్ప మాత్రం రాతిపనిలోనే పుట్టి పెరిగాడు. పొద్దున్నే బండకు చెవి ఆనించి, సుత్తితో తడుతూ పూటంతా కూర్చునేవాడు. ఖంగుమంటే గట్టి రాయి. డొల్లగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు. అతను చూపిన చోటే కొట్టేవాళ్లం. రెండేళ్లలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

"మట్టిపనోనికి గుంత కొలుస్తాండా. గోడ కట్టేటోనికి గోడ కొలుస్తాండా. నువ్వు ఊరికే కూచుంటాండావు, నీదేం కొలవల్ల?" అన్నాడు దేవేంద్రప్ప.

"రెండేండ్లుగా పడని రాళ్లుండాయి సామీ. వాటిని కొల్సుకోండి" అన్నాడు సుంకప్ప.

దేవేంద్రప్ప నవ్వి అతన్ని పంపేశాడు. బదులుగా కండలున్న ముగ్గుర్ని పనిలో పెట్టుకున్నాడు. ఒకడు పోతే ముగ్గురు వచ్చారు కదా, పని మూడింతలు సాగుతుందని అతని లెక్క.

నాలుగో రోజు నా దెబ్బకు బండ డొల్లగా పలికింది. సుంకప్ప పక్కన రెండేళ్లు పనిచేసినవాణ్ణి, ఆ చప్పుడు నాకు తెలుసు.

"ఏం బాషా, అట్ల నిలబడినావు?" అన్నాడు పక్కనున్న బొజ్జన్న.

మేస్త్రీ మా వైపే చూస్తున్నాడు. ఆగితే నన్నూ పంపేస్తారు. "ఏం ల్యాదన్నా, కొట్టు" అని నీళ్లకని పక్కకు తప్పుకున్నాను. వెనక కొండ కూలింది.

బొజ్జన్న శవాన్ని తీయడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత నేనేది తాకినా అదే చప్పుడు. అన్నం పళ్లెం, తలుపు చెక్క, చివరికి నా రొమ్ము కూడా డొల్లగానే పలికేది. తమ్ముళ్లారా, మీ పనిచోట ఎవరైనా ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తే, ముందు అతను ఏం వింటున్నాడో అడగండి.

శవాన్ని తీసిన రాత్రే మా గుడిసెల దగ్గర అందరూ కూడారు. "పని ఆపితే ఏం తింటాం?" అన్నారు కొందరు. "పానం పోతే ఎవురు తింటారు?" అన్నారు ఇంకొందరు. నేను లేచి, బొజ్జన్న భార్య ఈరక్క ముందు నిజం చెప్పేశాను.

"ఆ పొద్దు చెప్పల్యా నువ్వు. నిన్నెప్పుడు మన్నిస్తానో నాకే తెలీదు" అంది ఈరక్క. "నీకు తెల్సింది మాకందరికీ నేర్పు. ఇంగ ఏ ఒక్కని నోటినో నమ్ముకొని మేము బండకాడికి పోము."

వెళ్లి సుంకప్పను పిలుచుకొచ్చాం. ఆడా మగా తేడా లేకుండా అందరం వరుసగా బండకు చెవులు ఆనించి కూర్చున్నాం. సుంకప్ప వినమన్న చోటల్లా విన్నాం. అతను సరేననేదాకా పెద్దసుత్తి ఎత్తమని తేల్చి చెప్పాం.

పని ఆపిన ఐదో నాడు పోలీసులు వచ్చారు. దేవేంద్రప్ప వేలు పెట్టి చూపించాడు. సుంకప్పనూ నన్నూ వ్యానెక్కించారు.

"ఇంగ లేయండి, పని చేయండి" అని దేవేంద్రప్ప అరిచాడు.

ఈరక్క గులకరాయి తీసుకొని, భర్తను మింగిన బండను తట్టింది. చెవి ఆనించింది.

"డొల్లగా ఉండాది" అంది. "ఎవురూ లేయొద్దండి."

ఒక్కరూ లేవలేదు. వ్యాను కదిలింది. దుమ్ములోంచి వంద రాళ్లు బండను తడుతున్న చప్పుడు మాకు మలుపు దాకా వినిపించింది.