కొర్ర ఇడ్లీ, అక్క ఒక్కపొద్దు

ఈ వ్యవహారం మొదలైననాడు నా చేతిలో ఉన్నవి ఇవి: ప్రొద్దుటూరు బజారులో మా నాయన కాలం నుంచి నడుస్తున్న బియ్యం, పప్పుల కొట్టు, వంటింటిని ఏలే మా అక్క ఓబులమ్మ, నా భార్య చెంచులక్ష్మి కళ్లు. కళ్లను ఆస్తి కింద చూపుతున్నానని ఎవరైనా నవ్వుకోవచ్చు గానీ, మా వ్యాపారం సగం వాటి మీదే నడిచింది. మిల్లు నుంచి నమూనాగా వచ్చిన మచ్చు బియ్యాన్ని ఆమె అరచేతిలో పోసుకొని, వేలితో ఒకసారి కదిపి, నూక ఎంత ఉందో, పాతవాటిలో కొత్తవి కలిపారో లేదో చెప్పేది. ఆమె సరే అంటే నేను బేరమాడేవాణ్ని, పెదవి విరిస్తే లేచి వచ్చేవాణ్ని.

ఆ కళ్ల మీదికే చక్కెర జబ్బు వచ్చింది. కంటి డాక్టరు లోపలంతా చూసి, "చక్కెర ఇట్లే ఉంటే కుడికన్ను నిలిచేది కష్టమమ్మా. మందులతో పాటు తిండి కూడా మారాల. మధ్యాహ్నం అన్నం తగ్గించు. పొద్దున టిఫినులో బియ్యం అసలే వద్దు. మూడు నెలలకు మళ్లీ రా" అన్నాడు.

అక్కడ తలూపి వచ్చిన మనిషి ఇంటికి రాగానే మాట మార్చింది.

"నా ఒక్కదానికి వేరే గిన్నె పెట్టుకుంటే పథ్యం మనిషినైపోతా. ఇంట్లో అందరూ తినేదే నేనూ తింటా" అంది.

మా ఇంట్లో కొడుకూ కోడలితో సహా అందరూ తినేది ఇడ్లీ, దోసె, ఉప్పిండి. అన్నీ బియ్యమే. ఆమె మా దారికి వస్తే కన్ను పోతుంది. మేము ఆమె దారికి వస్తే పోయేది మా నాలుకల సుఖం మాత్రమే. ఈ బేరంలో ఆలోచించడానికేమీ లేదు. జమ్మలమడుగు వైపు నుంచి కొర్రలు ఒక మూట దించుకున్నాను.

పక్క కొట్టు గంగిశెట్టి అది చూశాడు. "బియ్యం అమ్ముకుంటా కొర్రలు తింటాండావా కాశయ్యా? నీ సరుకు నువ్వే తినకుంటే ఊళ్లో వాళ్లెందుకు తింటారప్పా?"

"నువ్వు చీరలమ్ముతాండావు. కట్టుకుంటాండావా?" అన్నాను. ఆ సంవత్సరమంతా వాడు నా తిండి జోలికి రాలేదు.

మొదటి రోజు ఇడ్లీలు పళ్లెంలో వేస్తే చప్పుడయింది. "నాయనా, వీటిని కొట్లో తూకంరాళ్ల కింద వాడుకోవచ్చు" అన్నాడు మా అబ్బాయి. మా ఆచారం ప్రకారం చెంచులక్ష్మి అందరూ తిన్నాక కూచుంది. చల్లారిన ఇడ్లీ మరీ గట్టిపడింది. సగం తిని పక్కన పెట్టి, చద్దన్నంలో మజ్జిగ పోసుకుంది.

అది చూసి మా అక్క చీర కుచ్చెళ్లు దోపుకుంది. "ఇడ్లీ సంగతి నాకిడిసిపెట్టు. పిండి రుబ్బేది మీకెవురికీ తెలీదు" అంది.

వారం తిరిగేసరికి ఇడ్లీలు దూదిలా వచ్చాయి. రోజురోజుకూ ఇంకా మెత్తబడ్డాయి. మేమంతా మెచ్చుకుంటూ తిన్నాం. చెంచులక్ష్మి కూడా చద్దన్నం మానేసి కడుపునిండా అవే తింది. నేను లోలోపల లాభం లెక్కేసుకున్నాను.

మూడు నెలలకు రక్తం చూస్తే చక్కెర ఉన్నచోటే ఉంది. "నిజంగా బియ్యం మానేసినారా?" అని డాక్టరు నన్ను అడిగాడు. తూకంలో మోసం చేసి దొరికిన వాణ్ని చూసినట్టు చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఇల్లు దగ్గర పడ్డాక చెంచులక్ష్మి, "ఇంక మచ్చు చూసేది కోడలికి నేర్పిస్తాలే" అంది. ఆ మాట నాకు డాక్టరు మాట కంటే బరువనిపించింది.

కొట్లో సరుకు తరుగుతుంటే ఎలుక యాడుందో వెతుకుతాం గదా, అట్లే ఆ సాయంత్రం వంటింట్లో పీట వేసుకొని కూచున్నాను. అక్క గ్రైండరులో మినప్పప్పు వేసింది, కొర్రలు వేసింది. తర్వాత మూలనున్న పెద్ద గిన్నె ఎత్తి, అందులో నానిందంతా దానిలోకి వంచింది. ఆ గిన్నె కొర్రల గిన్నె కంటే పెద్దది.

"అక్కా, అదేంది?"

"అటుకులు. మెత్తదనానికి."

"అన్ని వేస్తావా?"

"మొదట గుప్పెడే వేస్తి. మీరంతా బాగుండాయి బాగుండాయి అంటిరి. పెంచుతా పోతి."

"అటుకులు బియ్యమే గదక్కా."

ఆమె గ్రైండరు ఆపింది. "ఏమంటివి?"

"వడ్లు నానబెట్టి, వేయించి దంచితే అటుకులు. నేనే ఏటా మిల్లుకు వడ్లు తోలుతాండా."

"మీ బావ పోయినప్పటి నుంచి శనివారం ఒక్కపొద్దుంటాండా. రాత్రికి అన్నం ముట్టను, అటుకులు తింటా. అవి బియ్యమే అయితే నా శనివారాలన్నీ యాడికి పోయినట్టురా?"

నేను గెలిస్తే అక్క శనివారాలు పోతాయి. ఓడితే చెంచులక్ష్మి కన్ను పోతుంది. ఇద్దరు ఆసాములూ వెనక్కి తగ్గలేని చోట, ఒక సరుకును రెండు బేరాలుగా విడగొట్టాలి.

"అటుకులు తినొద్దని దేవుడు నీకెప్పుడన్నా చెప్పినాడా?"

"లేదు."

"అయితే ఆయనకు పేచీ లేదు. ఆ బేరం ఆయనతో తెగిపాయ, దాన్ని మళ్లీ కదిపే పని లేదు. డాక్టరు వేరే ఆసామి. దేవుడు మనసు చూస్తాడు, ఈయన రక్తం చూస్తాడు. ఆయన దగ్గర చెల్లింది ఈయన దగ్గర చెల్లదు."

అక్క గిన్నె కింద పెట్టింది. "అయితే నా చేత్తోనే దాని కండ్లలో మన్ను పోస్తినా" అంది మెల్లగా.

చెంచులక్ష్మి ఎప్పుడు వచ్చిందో, గడప దగ్గర నిలబడి ఉంది. "మీరు పోసింది అటుకులు వదినా, మన్ను కాదు. మెత్తగుండాయని నేనే రెండెక్కువ తింటి."

అక్క ముక్కు తుడుచుకొని నా మీదికి తిరిగింది. "సరే, అటుకులు లేకుంటే మెత్తదనం యాడ్నుంచి తెస్తావు? నీ కొట్లోనుంచా?"

నిజానికి అక్కడి నుంచే తేవాలి. డబ్బాలోని మినప్పప్పు ఒక పలుకు కొరికి చూస్తే సంగతి తెలిసింది. అమ్ముడుపోని పాత సరుకు ఇంటికి తోలేయడం మా వర్తకుల ఇళ్లలో రివాజు. పాత మినప్పప్పు రుబ్బితే పొంగదు. మర్నాడు కొత్త పంట మినపగుండ్లు తెచ్చి, పిండిలో వాటి వంతు పెంచమన్నాను. కొర్రలు, మెంతులు మధ్యాహ్నమే నానబెట్టారు. తెల్లారేసరికి పిండి మూతను పైకి లేపింది.

తొలి వాయి మెత్తగానే వచ్చింది. దూది కాదు గానీ, వేలు పెడితే దిగింది. అయితే చల్లారితే బిగుసుకునే గుణం కొర్రలను వదల్లేదు. ఆఖరున కూచునే మనిషికి మళ్లీ గట్టివే మిగులుతాయి.

"తొలి వాయి దానికే" అని తీర్పు చెప్పింది అక్క. "కూచోమ్మే. ఆ మొగోళ్లకు పండ్లు గట్టిగుండాయి, తర్వాత తింటారు."

చెంచులక్ష్మి నావైపు చూసింది, కొడుకువైపు చూసింది, ఇబ్బంది పడుతూనే నా పక్కన కూచుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో పొద్దునపూట ఆమె వేడిగా తినడం నేను చూడలేదు. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నంజుకొని మూడు తిని, "ఉప్పు కొంచెం తక్కువ" అంది. అంటే ఇష్టపడినట్టే.

తర్వాత అక్క ఊరికే ఉండలేదు. ఎప్పుడూ వేసే గుప్పెడు బియ్యం కూడా లేకుండా పెసరట్టు, మినప్పప్పు కలిపిన రాగిదోసె, కూరగాయలు ఎక్కువేసిన కొర్ర ఉప్పిండి, ఒక్కొక్కటే పట్టు దొరకబుచ్చుకుంది. శనివారం రాత్రి కూడా కొర్ర ఉప్పిండే తింటోంది.

"దేవుడికి చెప్పినావా అక్కా?"

"పాత బేరం తెగిపాయ అంటివి గదా. ఇది కొత్త బేరం."

మళ్లీ రక్తం చూసినప్పుడు చక్కెర దిగింది. కంటి డాక్టరు ఈసారి ఎక్కువసేపు చూసి, "జబ్బు ముందుకు పోలేదు. ఇట్లే కాపాడుకోండి" అన్నాడు. పోయిన చూపును తిరిగి ఇస్తానని ఆయన అనలేదు, మేమూ అడగలేదు.

మొన్న మిల్లు వాళ్లు మచ్చు పంపారు. చెంచులక్ష్మి అరచేతిలో పోసుకొని, కిటికీ దగ్గరికి జరిగి, వేలితో కదిపింది. ఇదివరకైతే కిటికీ అవసరం ఉండేది కాదు. "కొత్తవి కలిపినారు, వద్దు" అంది. నేను ఆ బేరం నుంచి లేచి వచ్చాను.

చివరికి తేలింది ఇది. ఖర్చు: దూదిలాంటి ఇడ్లీలు. మిగులు: కిటికీ వెలుగులో పనిచేసే రెండు కళ్లు, చెక్కుచెదరని అక్క శనివారాలు, పొద్దున నా పక్కన వేడివేడిగా తింటూ ఉప్పు తక్కువైందనే మనిషి.